తెరకు వ్యాఖ్యాత: గ్రాఫిక్స్ డ్రైవరు పూర్వకథ

ఇంట్లోని పాత కంప్యూటరులో విండోస్‌ను మళ్ళీ కొత్తగా ఎక్కించినప్పుడు ఒక్కొక్కసారి తెర వికారంగా దర్శనమిస్తుంది. అక్షరాలు లావెక్కి ఉంటాయి. ఛాయాచిత్రాలు రంగులు విరిగి మచ్చలు మచ్చలుగా కనబడతాయి. కిటికీని పట్టి కిందికి జరిపితే మెట్లు దిగినట్లు ఆగి ఆగి దిగుతుంది. యంత్రం చెడలేదు, తెరా చెడలేదు. గ్రాఫిక్స్ కార్డుకు డ్రైవరు లేదు, అంతే. సాహిత్యం చదువుకొనేవారికి ఈ యంత్రాల గొడవ ఎందుకని మీరు అడుగవచ్చును. ఈ లోపం వెనుక నలభై యేండ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో లిపికి సంబంధించిన ఘట్టం ఒకటి ఉన్నది. అందుకని ఈ టపా.

డ్రైవరు అన్న మాటకు మనవారు కొందరు 'చోదకం' అని వ్రాస్తున్నారు. చుద్ ధాతువుకు ప్రేరేపించుట అని అర్థం కనుక మాటలో దోషం లేదు. అయితే అది చేసే పనిని బట్టి చూస్తే నాకు 'వ్యాఖ్యాత' అనవలెననిపిస్తుంది. కాళిదాసు చెప్పినది కాళిదాసుదే. కాని మన మెతుకుసీమలోని కొలిచాల మల్లినాథసూరి పక్కన లేకపోతే అది ఎందరికి అందేది? విండోస్ గాని మరొకటి గాని 'ఇక్కడ ఒక గీత గీయి' అంటుంది. ఆ మాట కార్డుకు అర్థం కాదు. ఒక్కొక్క కార్డుది ఒక్కొక్క భాష. నడుమ నిలిచి అన్వయం చెప్పేది డ్రైవరు.

మొదట ఈ వ్యాఖ్యాత అవసరం అంతగా లేదు. 1981 ఆగస్టులో ఐబీయం పీసీ వచ్చినప్పుడు దానికి రెండు రకాల కార్డులు ఇచ్చారు. ఒకటి ఎండీయే. అది అక్షరాలను మాత్రమే చూపుతుంది, వరుసకు 80 చొప్పున 25 వరుసలు. ఒక్కొక్క అక్షరానికి 9 చుక్కల వెడల్పు, 14 చుక్కల ఎత్తు గల గడి. అక్షరాల ఆకృతులన్నీ కార్డులోనే పోతపోసి ఉంటాయి. 'ఫలానా గడిలో ఫలానా అక్షరం' అని చెబితే చాలు. ఆ పోతలో లేని అక్షరం తెరమీదికి రాదు. రెండవది సీజీయే. అది బొమ్మలు గీయగలదు. నాలుగు రంగులు కావాలంటే 320 చుక్కల వెడల్పు, 200 ఎత్తు. అక్షరానికి 8 చుక్కలు నిలువు, 8 అడ్డం. ఆ ఎనిమిది చుక్కల ఎత్తులో 'స్త్రీ' అని వ్రాసి చూడండి. గుడి ఎక్కడ పెడతారు, ఒత్తులు ఎక్కడ వ్రేలాడదీస్తారు?

సరిగ్గా ఈ చిక్కే ఒక థాయి విద్యార్థికి ఎదురైనది. అమెరికాలో పరిశోధన చేస్తున్న వాన్ సువన్నుకుల్‌కు తన సిద్ధాంతవ్యాసంలో థాయి లిపి కావలసి వచ్చింది. ఆ లిపికీ మన లిపివలెనే అక్షరం పైన గుర్తులు, కింద గుర్తులు. ఎండీయే పోతలో అవి లేవు, సీజీయే చుక్కలు వాటికి చాలవు. ఆయన 720 చుక్కల వెడల్పు, 348 ఎత్తు గల కార్డును తానే రూపొందించాడు. 1982లో వచ్చిన హెర్క్యులెస్ కార్డు అదే. ఇంగ్లీషు రాజ్యమేలుతున్న యంత్రంలోకి మరొక లిపిని తీసికొని రావడానికి పుట్టిన కార్డు ప్రపంచమంతటా లెక్కల పట్టికలకూ పటాలకూ ఉపయోగపడింది. నాకు ఈ కథలో అన్నిటికన్న ఇష్టమైన భాగం ఇది.

అయితే ఐబీయం యంత్రంలోని మూల ప్రోగ్రాముకు ఈ హెర్క్యులెస్ బొమ్మల పద్ధతి తెలియదు. కనుక ఏ ప్రోగ్రాముకు ఆ ప్రోగ్రామే దానితో మాట్లాడటం నేర్చుకోవలసి వచ్చింది. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 అది నేర్చుకొన్నది. ఆ కార్డు అంతగా అమ్ముడుపోవడానికి అది ఒక ముఖ్య కారణం. డాస్ కాలమంతా ఇదే తీరు. ప్రతి ప్రోగ్రామూ తన వ్యాఖ్యాతలను తానే వెంటబెట్టుకొని వచ్చేది, పెండ్లివారు వంటవాళ్ళను తోడు తెచ్చుకొన్నట్లు.

1985లో వచ్చిన విండోస్ ఈ పద్ధతిని మార్చింది. కార్డుకు ఒక్క డ్రైవరు ఉంటే ప్రోగ్రాములన్నిటికీ అదే చాలు. గొప్ప సౌకర్యమే. కాని ఆ ఒక్కటీ లేకపోతే అన్నిటికీ ఒకేసారి చీకటి. అప్పుడు ఆదుకొనేది 1987లో ఐబీయం తెచ్చిన వీజీయే. 640 చుక్కల వెడల్పు, 480 ఎత్తు, 16 రంగులు. అందరూ దానిని అనుకరించడం వల్ల అది సర్వసామాన్యమైన భాష అయిపోయింది. విండోస్ ఎక్స్‌పీ నాటి యంత్రంలో డ్రైవరు లేనప్పుడు మీరు చూచే ఆ మోటు తెర 1987 నాటిదేనన్నమాట.

మన దేశంలో మరొక దారి తొక్కారు. కాన్పూరు ఐఐటీలో మొదలై, పుణెలోని సీడాక్ చేతిలో విస్తరించిన జిస్ట్ కార్డు భారతీయ లిపులను నేరుగా యంత్రాంగంలోనే పెట్టింది. దానిని బిగించితే డాస్‌లోని మామూలు ప్రోగ్రాములలో కూడ తెలుగు కనబడేది. ప్రతి ఇంటికీ తెలుగు రావడానికి మాత్రం యూనికోడ్ కావలసి వచ్చింది. 1991 నాటి మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికినా, విండోస్‌లో గౌతమి ఖతితో అది కుదురుకొన్నది 2001లో ఎక్స్‌పీతోనే. అక్షరాల అంచులను నునుపుచేసే క్లియర్‌టైప్ కూడ అప్పుడే వచ్చింది. దానికి కనీసం 256 రంగులు కావాలి. డ్రైవరు లేని 16 రంగుల తెరమీద అది పనిచేయదు. తలకట్టు, దీర్ఘం ఒకటిగా కలిసిపోతాయి. ప-ష, ఘ-ఫ తేడా ఊహించుకోవలసిందే. ఇంగ్లీషు చదివేవాడికి అది అసౌకర్యం. మనకు చదువే ఆగిపోతుంది.

నా యంత్రం 2004 నాటిది. అమ్మిన దుకాణదారు మదర్‌బోర్డుతో వచ్చిన సీడీని నాకు ఇవ్వనే లేదు. అందులో నా విద్యార్థులకోసం వ్రాసుకొన్న ఛందస్సు పాఠాలున్నవి. అలాంటి స్థితిలో ఉన్నవారికి చెబుతున్నాను: కార్డు పేరు తెలియకపోయినా దాని గోత్రనామాలు తెలుసుకోవచ్చును. డివైస్ మేనేజరులో పసుపుపచ్చ గుర్తున్న వీడియో కంట్రోలరును తెరచి, వివరాలలో హార్డ్‌వేర్ ఐడీ చూడండి. వీఈఎన్ తరువాత వచ్చే నాలుగు అక్షరాలు గోత్రం, డీఈవీ తరువాతివి నామం. 8086 అయితే ఇంటెల్ (1978 నాటి తమ ప్రాసెసరు సంఖ్యనే గోత్రం చేసుకొన్నారు), 10డీఈ అయితే ఎన్విడియా, 1002 అయితే ఏటీఐ. ఆ రెండు సంఖ్యలు పట్టుకొని తయారీదారు స్థలంలోనే వెదకండి. ముందు చిప్‌సెట్ డ్రైవరు, ఆ తరువాత గ్రాఫిక్స్. ఏ కార్డుకైనా మేమే వెదకి పెడతామనే ఉచిత ప్రోగ్రాముల జోలికి పోవద్దు. 2012లో వచ్చిన విండోస్ 8 నుండి ఒక మెరుగైన సామాన్య డ్రైవరు వెంట వస్తున్నది కనుక ఆ 640 చుక్కల దుఃస్థితి చాలావరకు తప్పింది.

ఇక తయారీదారే లేకపోతే? వూడూ కార్డులతో పేరుపొందిన త్రీడీఎఫ్‌ఎక్స్ 2000 డిసెంబరులో తన ఆస్తులను ఎన్విడియాకు అమ్మివేయడానికి ఒప్పుకొన్నది. కొన్నవారు పాత కార్డుల బాధ్యత తీసుకోలేదు. మరుసటి యేడు ఎక్స్‌పీ వచ్చేసరికి వాటికి డ్రైవర్లు వ్రాసే నాథుడు లేడు. అభిమానులే పాత డ్రైవర్లను సవరించుకొని వాడుకొన్నారు. కార్డు బాగుంది, భాష తెలిసినవాడు వెళ్ళిపోయాడు. తాళపత్రం చెదలు పట్టకుండా ఉండి, చదివే వంశం అంతరించినట్లు. నా మట్టుకు, కార్డు అమ్మినవారు దాని భాషను లోకానికి చెప్పకుండా దాచడం న్యాయం కాదు. ఏటీఐని 2006లో కొన్న ఏఎండీ, 2007లో తన కార్డుల వివరాలను ప్రచురించడం మొదలుపెట్టింది. ఎన్విడియా చెప్పలేదు. అందువల్ల లినక్స్‌వారు కార్డు నడక బయటినుండి గమనించి నూవో అనే డ్రైవరు తామే వ్రాసుకొన్నారు. 2010లో అది లినక్స్ కెర్నెలులో చేరింది. ఎన్విడియా 2022 మే నెలలో తన డ్రైవరులో కెర్నెలు భాగాన్ని బయటపెట్టింది గాని, అది 2018లో వచ్చిన ట్యూరింగ్ తరం కార్డులకూ ఆ పైవాటికీ మాత్రమే. అంతకు ముందరి కార్డులున్న నావంటివారికి నూవోయే దిక్కు. నా ఛందస్సు పాఠాలు ఇప్పుడు దానిమీదనే తెరచుకొంటున్నవి, ఒత్తులతో సహా.