ఎమిలీ పోస్టు గారి మర్యాదలు

ఫోర్కు ఏ చేత్తో పట్టుకోవాలన్నది ఇక్కడికొచ్చిన మనవాళ్ళని పట్టుకునే మొదటి బెంగ. ఆ బెంగ అమెరికావాళ్ళకీ ఉండేదని తెలిశాక నా ప్రాణం కుదుటపడింది. లేకపోతే 1922లో ఎమిలీ పోస్టు రాసిన 'ఎటికెట్' అలా విరగబడి అమ్ముడుపోతుందా?

ఈవిడ పేరుమోసిన ఆర్కిటెక్టు బ్రూస్ ప్రైస్ కూతురు. న్యూయార్కు బ్యాంకరు భార్య. ఆయనగారి రాసలీలలు పట్టుకుని ఓ గాసిప్ పత్రికవాళ్ళు డబ్బు గుంజబోయారు. గుట్టు రచ్చకెక్కింది, 1905లో విడాకులయ్యాయి. ఇద్దరు కొడుకులు. నవలలు రాసింది, పత్రికలకి వ్యాసాలు రాసింది. మర్యాదల పుస్తకం వచ్చేసరికి యాభయ్యేళ్ళు నిండబోతున్నాయి.

మొదటి కూర్పు నిండా బట్లర్లూ పనివాళ్ళే. 1927 కూర్పులో 'మిసెస్ త్రీ ఇన్ వన్' వచ్చింది. వంటా, వడ్డనా, అతిథులతో కబుర్లూ అన్నీ తానే చూసుకునే ఇల్లాలు. అచ్చం మన అమ్మే! (కాకపోతే ఈవిడ అతిథులతో పాటే కూర్చుని తింటుంది. మా అమ్మ అందరూ లేచాక గానీ కూర్చునేది కాదు.) పుస్తకం మొత్తంలో నాకు నచ్చిన మనిషి ఈవిడే.

ఆ తర్వాత రేడియో, పత్రికల్లో శీర్షిక. 1946లో కొడుకుతో కలిసి ఇన్‌స్టిట్యూటు పెట్టి, 1960లో పోయింది. 2022లో నూరేళ్ళ కూర్పు తెచ్చింది ఆవిడ మునిమనవల పిల్లలు.