ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు విటమిన్ మాత్ర: ఫిన్లాండ్ పరీక్ష

క్యారెట్, బొప్పాయి, ఆకుకూరల్లో ఉండే బీటా కెరోటిన్‌ను శరీరం విటమిన్ ఎ గా మార్చుకుంటుంది. ఇలాంటివి బాగా తినేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా వస్తోందని పలు సర్వేల్లో కనబడింది. ఆ మేలు బీటా కెరోటిన్‌దేనా అన్న ప్రశ్నను 1981లో రిచర్డ్ పీటో, రిచర్డ్ డాల్ తదితరులు ‘నేచర్’ పత్రికలో చర్చకు పెట్టారు. పరీక్షించి తేల్చుకోవలసిన ఊహగానే వారు దాన్ని ముందుంచారు.

ఆ పరీక్ష 1985లో ఫిన్లాండ్ నైరుతి ప్రాంతంలో మొదలైంది. ఆ దేశ ప్రజారోగ్య సంస్థ, అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ కలిసి 50 నుంచి 69 ఏళ్ల మధ్య వయసున్న 29,133 మంది మగవారిని చేర్చుకున్నాయి. అందరూ పొగతాగేవారే, సగటున రోజుకు 20 సిగరెట్ల చొప్పున 36 ఏళ్లుగా కాలుస్తున్నవారు. కొందరికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, కొందరికి 50 మిల్లీగ్రాముల విటమిన్ ఇ, కొందరికి రెండూ, మిగతావారికి మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది అందుతోందో వారికి గానీ డాక్టర్లకు గానీ చెప్పలేదు. అయినా బీటా కెరోటిన్ వేసుకున్నవారిలో కొందరి చర్మం పసుపు తిరిగింది.

1994లో వెలువడిన ఫలితాలు వైద్యలోకాన్ని నిర్ఘాంతపరిచాయి. బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. మరణాలు కూడా 8 శాతం ఎక్కువ. మరో సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. పరీక్ష మొదట్లో, అంటే మాత్రలు మొదలుకాకముందు, ఎవరి రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువగా ఉందో వారికి తర్వాత ఈ క్యాన్సర్ తక్కువగానే వచ్చింది. తిండి ద్వారా అందినప్పుడు మేలుకు గుర్తుగా కనిపించిన పదార్థమే పెద్ద మోతాదు మాత్రగా హాని చేసింది. పాత సర్వేలు అబద్ధం చెప్పలేదు. వాటి నుంచి మాత్ర దాకా వేసిన అడుగే తొందరపాటు.

ఇది యాదృచ్ఛికమేమోనన్న అనుమానానికి అమెరికాలో జరిగిన ‘కేరెట్’ పరీక్ష తావు లేకుండా చేసింది. పొగతాగేవారు, మానేసినవారు, ఆస్‌బెస్టాస్ పనివారు కలిపి 18,314 మంది అందులో ఉన్నారు. బీటా కెరోటిన్, విటమిన్ ఎ కలిపి తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 28 శాతం ఎక్కువని తేలడంతో, గడువుకు 21 నెలల ముందే, 1996 జనవరిలో మాత్రలు ఆపేశారు. అదే కాలంలో 22,071 మంది అమెరికన్ డాక్టర్లపై జరిగిన పరీక్షలో లాభమూ నష్టమూ కనబడలేదు. వారిలో పొగతాగేవారు కొద్దిమందే.

పొగ సోకే ఊపిరితిత్తుల్లో బీటా కెరోటిన్ విచ్ఛిన్నమై కణాల క్రమాన్ని చెడగొడుతుందని ఫెర్రెట్ అనే జంతువులపై చేసిన ప్రయోగాలు సూచించాయి. ఫిన్లాండ్‌లో మాత్రలు మానేశాక, నాలుగు నుంచి ఆరేళ్లలో అదనపు ముప్పు కనుమరుగైంది.

విటమిన్ ఇ కథా ఇంచుమించు ఇంతే. ఫిన్లాండ్‌లో దాన్ని తీసుకున్నవారికి ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గినట్టు కనబడటంతో 2001లో అమెరికాలో మరో భారీ పరీక్ష పెట్టారు. 2011 నాటికి అక్కడ విటమిన్ ఇ తీసుకున్నవారిలో ఆ క్యాన్సర్ 17 శాతం పెరిగినట్టు తేలింది. ఇక బీటా కెరోటిన్‌తో పొగతాగేవారికి ఈ ముప్పు ఉన్నందున, వయసు మీరినవారి రెటీనా జబ్బుకు వాడే విటమిన్ల మిశ్రమంలో దానికి బదులు లూటిన్, జియాజాంథిన్ అనే పదార్థాలు వాడవచ్చని 2013లో మరో పరీక్ష చూపింది.