కేంబ్రిడ్జ్‌లో ఏ కాలేజ్ పెట్టాలి? ఈ ప్రశ్న వెనకున్న 800 ఏళ్ల కథ



కేంబ్రిడ్జ్‌లో డిగ్రీకి అప్లై చేద్దామనుకునే మనవాళ్లకి ఒకచోట బ్రేక్ పడుతుంది. అప్లికేషన్‌లో కోర్సు పేరుతో పాటు కాలేజ్ కూడా అడుగుతారు. అక్కడేమో డిగ్రీకి 29 కాలేజీలు! పేరున్నది పెడితే పోటీ ఎక్కువేమో, పేరు వినని కాలేజ్ పెడితే చదువు తక్కువేమో, తప్పుది పెడితే సీటే పోతుందేమో... ఇలా రకరకాల భయాలు.

ఈ భయం ఎక్కడిదో ముందు చూద్దాం. మన దగ్గర వెబ్ ఆప్షన్స్ పెట్టేటప్పుడు మనం చూసేది కాలేజ్ పేరే కదా. పాఠం చెప్పేది కాలేజ్, ల్యాబ్ ఉండేది కాలేజ్‌లో, ప్లేస్‌మెంట్ వచ్చేదీ అక్కడే. యూనివర్సిటీ సిలబస్ ఇచ్చి, పరీక్ష పెట్టి, సర్టిఫికెట్ ఇస్తుంది. ఈ పద్ధతి మనకి 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలతో వచ్చింది. వాటికి నమూనా లండన్ యూనివర్సిటీ, కేంబ్రిడ్జ్ కాదు. అంటే మాట ఒకటే, "కాలేజ్". కానీ అక్కడ దాని అర్థం వేరు.

మరి అక్కడ కాలేజ్ అంటే ఏంటి? 1209లో ఆక్స్‌ఫర్డ్‌లో ఊరివాళ్లకీ చదువుకునేవాళ్లకీ పెద్ద గొడవైంది. అక్కణ్ణుంచి పారిపోయిన కొందరు పండితులు కేంబ్రిడ్జ్ చేరారు. యూనివర్సిటీ అలా మొదలైంది. అప్పటికి కాలేజీలు లేవు. మొదటి కాలేజ్ పీటర్‌హౌస్ 1284లో వచ్చింది. పెట్టినాయన ఈలీ బిషప్ హ్యూ డి బాల్షమ్. అది పండితులు కలిసి ఉండి, కలిసి తిని, చదువుకునే చోటు. మన భాషలో చెప్పాలంటే సత్రానికి దగ్గర, యూనివర్సిటీకి దూరం.

తర్వాత రాజులు, రాణులు, బిషప్పులు వరసగా కాలేజీలు కట్టించారు. భూములిచ్చారు, డబ్బిచ్చారు. దాంతో కాలేజీలు బాగా బలిసిపోయాయి, యూనివర్సిటీ బక్కచిక్కింది. ఎవర్ని రానివ్వాలి, ఎవర్ని వద్దనాలి అన్నది కాలేజ్ చేతిలోకి వెళ్లింది.

కింగ్స్ కాలేజ్‌నే తీసుకోండి. 1441లో ఆరో హెన్రీ పెట్టాడు. నాలుగు వందల ఏళ్ల పాటు అందులోకి ఈటన్ స్కూల్ పిల్లలే వెళ్లారు. మీరు ఎంత తెలివైనవాళ్లయినా సరే, ఈటన్ కాకపోతే నో ఎంట్రీ. ఇంకో విడ్డూరం ఏంటంటే, వాళ్లకి యూనివర్సిటీ పరీక్ష రాయకుండానే డిగ్రీ ఇచ్చేవాళ్లు! ఆ సౌకర్యం 1851 దాకా నడిచింది.

ఇక మతం సంగతి. జేమ్స్ జోసెఫ్ సిల్వెస్టర్ అనే కుర్రాడు సెయింట్ జాన్స్ కాలేజ్‌లో చదివి 1837లో లెక్కల పరీక్షలో సెకండ్ వచ్చాడు. కానీ డిగ్రీ ఇవ్వలేదు. ఎందుకు? ఆయన యూదుడు. డిగ్రీ కావాలంటే ఇంగ్లండ్ చర్చి సిద్ధాంతాలు ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. ఆయన పెట్టలేదు. తర్వాత ప్రపంచ ప్రసిద్ధ గణిత శాస్త్రవేత్త అయ్యాడు. కేంబ్రిడ్జ్ డిగ్రీ మాత్రం 1872లో అందింది. 35 ఏళ్లు లేటు.

అమ్మాయిల కథ ఇంకా ఘోరం. వాళ్లకి ఉన్న ఆప్షన్స్ రెండే. 1869లో ఐదుగురు అమ్మాయిలతో మొదలైన గర్టన్, 1871లో మొదలైన న్యూనమ్. 1890లో న్యూనమ్ అమ్మాయి ఫిలిప్పా ఫాసెట్ లెక్కల పరీక్షలో ఫస్ట్ వచ్చిన అబ్బాయి కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. డిగ్రీ ఇచ్చారా? లేదు. ఆడవాళ్లకి డిగ్రీ ఇద్దామని 1897లో ఓటింగ్ పెడితే ఓడిపోయింది. 1921లో మళ్లీ ఓడిపోయింది. ఆ సంబరంలో మగపిల్లలు వెళ్లి న్యూనమ్ గేట్లు విరగ్గొట్టారు. చివరికి 1948లో గానీ కేంబ్రిడ్జ్ ఆడవాళ్లకి పూర్తి డిగ్రీ ఇవ్వలేదు. అప్పటికి మనకి స్వాతంత్ర్యం కూడా వచ్చేసింది!

అంటే ఆ రోజుల్లో "ఏ కాలేజ్?" అన్నది నిజంగా జీవన్మరణ సమస్య. మీరు ఎవరు, ఏ మతం, ఏ స్కూల్, ఆడా మగా అన్నదాన్ని బట్టి తలుపు తెరుచుకునేది, లేదా మూసుకునేది.

ఆ తలుపులు ఒక్కొక్కటీ ఎలా తెరుచుకున్నాయో చూడండి. 1871లో పార్లమెంట్ చట్టం చేసి మతం షరతు తీసేసింది. 1874లో కావెండిష్ ల్యాబ్ మొదలైంది. అది ఏ ఒక్క కాలేజ్‌దీ కాదు, యూనివర్సిటీది. సైన్స్‌కి పెద్ద ల్యాబ్‌లు కావాలి, అవి ప్రతి కాలేజ్ కట్టుకోలేదు కదా. అలా చదువు మెల్లగా యూనివర్సిటీ చేతికి వచ్చింది. 1972లో చర్చిల్, క్లేర్, కింగ్స్ అమ్మాయిల్ని చేర్చుకున్నాయి. మగవాళ్లకే పరిమితమైన ఆఖరి కాలేజ్ మాడ్‌లిన్ 1988లో తలుపు తీసింది.

ఇప్పుడు మనవాళ్ల దగ్గరికి వద్దాం. సిల్వెస్టర్‌కి డిగ్రీ దక్కని ఆ సెయింట్ జాన్స్‌లోనే తర్వాత మన కట్టమంచి రామలింగారెడ్డి గారు చదివారు. చిత్తూరు దగ్గర కట్టమంచి నుంచి వెళ్లి, తిరిగొచ్చాక 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆ మతం షరతు పోకపోయుంటే ఆయనకీ ఆ సంతకం గొడవే ఎదురయ్యేది.

రామానుజన్ 1914లో ట్రినిటీకి వెళ్లారు. ట్రినిటీ గొప్పదని లిస్టులో చూసి ఎంచుకోలేదు. ఆయన లెక్కలు అర్థం చేసుకున్న హార్డీ అక్కడున్నారు, అందుకని వెళ్లారు. రీసెర్చ్‌కి ఇప్పటికీ అదే సూత్రం: ముందు మనిషి, తర్వాత కాలేజ్.

డిగ్రీకైతే ఇప్పుడు లెక్చర్లు, ల్యాబ్‌లు, పరీక్షలు, సర్టిఫికెట్ అన్నీ యూనివర్సిటీవే. ఏ కాలేజ్ వాళ్లయినా ఒకే పేపర్ రాస్తారు. కాలేజ్ ఇచ్చేది గది, భోజనం, లైబ్రరీ, ఒకరిద్దర్ని కూర్చోబెట్టి చెప్పే సూపర్‌విజన్ క్లాసులు. ఇంటర్వ్యూ చేసి సీటిచ్చేదీ కాలేజే. కానీ మంచి స్టూడెంట్‌కి ఆ కాలేజ్‌లో చోటు చాలకపోతే వాళ్ల అప్లికేషన్ జనవరిలో "వింటర్ పూల్"లోకి వెళ్తుంది. మిగతా కాలేజీలు అందులోంచి తీసుకుంటాయి. అలా ఏటా చాలామందికి తాము పెట్టని కాలేజ్‌లో సీటొస్తుంది.

కాబట్టి ముందు కోర్సు తేల్చుకోండి. తర్వాత ఇవి చూడండి. మీ కోర్సు ఆ కాలేజ్‌లో ఉందా? కొన్నిట్లో కొన్ని కోర్సులు ఉండవు. వయసు సరిపోతుందా? హ్యూస్ హాల్, సెయింట్ ఎడ్మండ్స్, వుల్ఫ్‌సన్ 21 దాటినవాళ్లకే. న్యూనమ్, మర్రే ఎడ్వర్డ్స్ అమ్మాయిలకే. దూరం ఎంత? గర్టన్ ఊరికి దాదాపు నాలుగు కిలోమీటర్లు. అప్పట్లో అమ్మాయిల్ని అబ్బాయిలకి దూరంగా పెట్టాలని అలా కట్టారు, ఇప్పుడు ఆ దూరం మీరు సైకిల్ తొక్కాలి. అన్నిటికంటే ముఖ్యం డబ్బు. మనలాంటి విదేశీ స్టూడెంట్స్ ట్యూషన్ ఫీజుతో పాటు కాలేజ్ ఫీజు విడిగా కట్టాలి. అది కాలేజ్‌ని బట్టి మారుతుంది, గది అద్దె కూడా అంతే. ఇంట్లో అప్పు చేసి పంపేవాళ్లకి ఈ తేడా చిన్నది కాదు.

ఇవన్నీ చూసినా తేలకపోతే "ఓపెన్ అప్లికేషన్" పెట్టండి, కాలేజ్‌ని వాళ్లే కేటాయిస్తారు. కేటాయించాక మార్చుకోవడం మాత్రం కుదరదు. డెడ్‌లైన్ సాధారణంగా అక్టోబర్ 15, అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్‌కి కూడా డిగ్రీకి అప్లై చేయడానికి లేదు.

ఫిలిప్పా ఫాసెట్‌కి 29 కాలేజీల లిస్టు దొరకలేదు. మీకు దొరికింది. ఆ లిస్టు చూసి భయపడి అప్లికేషన్ మానేయకండి. ఒక ఆదివారం కూర్చుని ఫీజులు, అద్దెలు, దూరాలు రాసుకోండి, ఒకటి ఎంచుకోండి, మిగతా టైమంతా సబ్జెక్ట్ మీద పెట్టండి.