అర పాయింటు: లెల్లా లొంబార్డి రేసింగ్ జీవితం

మణుగూరు ఓపెన్‌కాస్టు గనుల వైపు వెళ్ళినవారికి డంపర్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఆ బండి స్టీరింగు ముందు ఒక స్త్రీని మీరు ఎప్పుడైనా ఊహించుకున్నారా? 1952 గనుల చట్టంలోని 46వ సెక్షను స్త్రీలను భూగర్భ గనుల్లో పని చేయనివ్వలేదు. గని పైభాగంలో కూడా ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకే అనుమతి. రాత్రి షిఫ్టుకు రాలేని డ్రైవరును మూడు షిఫ్టుల గనిలో ఎవరు పెట్టుకుంటారు? స్త్రీ రాతపూర్వకంగా అంగీకరిస్తే ఓపెన్‌కాస్టులో రాత్రి పని చేయవచ్చునని కేంద్రం 2019 జనవరిలో గాని సడలింపు ఇవ్వలేదు.

ఇక్కడ అడ్డం చట్టం. చట్టం అడ్డం లేని చోట ఏమవుతుంది? ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1950లో మొదలైంది. స్త్రీలు పాల్గొనరాదని అందులో నిబంధన లేదు. అయినా ఆ రేసుల్లో ఇంతవరకు బరిలోకి దిగిన స్త్రీలు ఇద్దరే, ఇద్దరూ ఇటలీవారే. మొదటి ఆమె మరియా తెరేసా దె ఫిలిప్పిస్, 1958లో. రెండవ ఆమె గురించే ఈ పాఠం.

లెల్లా లొంబార్డి 1941లో ఉత్తర ఇటలీలోని ఫ్రుగరోలో అనే పల్లెలో పుట్టింది. తండ్రిది మాంసం కొట్టు. సరుకు చేరవేసే వ్యాను నడుపుతూనే ఆమెకు బండి మీద చెయ్యి కుదిరింది. రేసు కార్లంటే డబ్బున్నవాళ్ళ వ్యవహారమని మీరు అనుకుంటే అది చాలావరకు నిజమే. అందువల్లనే ఈ వ్యాను సంగతి గుర్తుపెట్టుకోండి. చిన్న కార్ల పోటీలతో మొదలుపెట్టి ఫార్ములా 3, ఫార్ములా 5000 దాటి, 1975లో మార్చ్ జట్టులో చేరేసరికి ఆమెకు ముప్పై మూడేళ్ళు.

ఆ ఏడాది ఏప్రిల్ 27న బార్సిలోనాలోని మొంజుయిక్‌లో స్పెయిన్ రేసు. ట్రాక్ పక్కన ఇనుప కంచెల బోల్టులు సరిగా బిగించలేదని డ్రైవర్లు ముందే గొడవ చేశారు. వాళ్ళ భయమే నిజమైంది. రోల్ఫ్ స్టొమ్మెలెన్ కారు వెనక రెక్క విరిగి, కారు కంచె దాటి పడింది. జనం ప్రాణాలు పోయాయి. 75 చుట్ల రేసును 29 చుట్లకే ఆపేశారు. అప్పటికి లొంబార్డి ఆరో స్థానంలో ఉంది. ఆరో స్థానానికి ఒక పాయింటు; రేసు సగం కూడా సాగలేదు కాబట్టి అందులో సగం. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఒక స్త్రీ సంపాదించిన పాయింట్లు ఈనాటికీ ఆ 0.5 మాత్రమే.

పట్టికలు చూసి చరిత్ర రాసేవారు ఇక్కడ ఆగిపోతారు. మీరు ఆగకండి. కారు వెనకభాగం మలుపుల్లో సరిగా నిలవడం లేదని ఆమె సీజను పొడుగునా మొత్తుకుంది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1976లో అదే కారు రోనీ పీటర్సన్ చేతికి వచ్చింది. పేరుమోసిన డ్రైవరైన అతడూ అదే ఫిర్యాదు చేశాడు. అప్పుడు విప్పి చూస్తే వెనక చట్రంలో పగులు కనిపించిందని కారు రూపకర్త రాబిన్ హెర్డ్ తరవాత చెప్పాడు. ఇది ఒక వ్యక్తి జ్ఞాపకం. ఆధారంగా దాని విలువ ఎంతో మీరే తూచాలి. నా మటుకు నాకు, తన పొరపాటును తానే ఒప్పుకొంటున్న సాక్షి మాటకు కొంత బరువు ఎక్కువ.

పన్నెండు రేసుల్లో దిగిన తరవాత 1976లో ఆమె ఫార్ములా వన్ జీవితం ముగిసింది. కాని స్టీరింగు వదలలేదు. 1979లో ఎన్నా-పెర్గూసా, వల్లెలుంగా ట్రాకుల మీద ఆరు గంటల రేసులను జోడీ డ్రైవరుతో కలిసి గెలిచింది. 1992 మార్చి 3న రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ విద్యుత్ కార్ల రేసు జరిగింది. మీలో కొందరు టీవీలో చూసే ఉంటారు. పోటీపడిన డ్రైవర్లలో ఒక్క స్త్రీ కూడా లేదు.