కూపరేజ్‌లో నిజాం గడ్డ కుర్రాళ్లు

బొంబాయి కామాఠీపురా అనగానే బయటివాళ్లకు ఒకే సంగతి గుర్తుకొస్తుంది. ఈ పేటను నిలబెట్టింది మాత్రం రాళ్లు మోసిన చేతులు. 18వ శతాబ్దం చివర హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట సముద్రపు నీటిని ఆపాక, తేరిన పల్లపు నేలలో నిజాం ఇలాకా నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన తెలుగు కూలీలు గుడిసెలు వేసుకున్నారు. వాళ్లనే కామాఠీలన్నారు. ఆ తర్వాత మిల్లులు, బీడీలు, చాళ్లు. ఇదంతా మావాళ్లు చెప్పుకుంటూనే ఉంటారు. చెప్పుకోనిది ఫుట్‌బాల్ సంగతి.

రోవర్స్ కప్ ఫుట్‌బాల్ పోటీతో పేరుపడ్డ కూపరేజ్ మైదానం మాకు కొద్ది మైళ్ల దూరమే. 1891లో తొలి కప్పు వూస్టర్‌షైర్ రెజిమెంట్ గెలిచింది. 1937లో బెంగళూరు ముస్లింస్ జట్టు గండి కొట్టేదాకా అది గోరా పల్టన్ల మధ్యే తిరిగింది.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసింది. రెండేళ్లు తిరిగాక హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయి వచ్చి ఆ కప్పు ఎగరేసుకుపోయింది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లూ వాళ్లదే గెలుపు!

దీని వెనకున్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం, ఉస్మానియాలో చదివిన బడిపంతులు. డ్రిబ్లింగ్ చేయకూడదని ఒక పోటీ, వాటం లేని కాలితోనే తన్నాలని ఇంకో పోటీ పెట్టేవారు. బంతిని కాళ్లకు అంటిపెట్టుకు తిరిగే కుర్రాడు మొదటిదాంట్లో తోటివాణ్ణి వెతుక్కోక తప్పదు. రెండోదాంట్లో మొండికాలు మాట వినడం నేర్చుకుంటుంది. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కు బంగారు పతకాలు తెచ్చిన కోచ్ కూడా ఆయనే.

నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లాయక్, మొయిన్... జట్టులో ఎక్కువమంది ఉర్దూ మాట్లాడేవాళ్లు. అందుకేనేమో, బొంబాయి తెలుగువాళ్ల కథలో వాళ్ల ఊసు రాదు. నాకిది సమ్మతం కాదు. మా తాతలు ఏ గడ్డ విడిచి వచ్చారో వాళ్లదీ అదే గడ్డ. మా గల్లీల్లో ఇప్పటికీ తెలుగూ దక్కనీ ఒకే నోట పలుకుతాయి. పల్టన్ల ఆటను మనవైపు పిల్లలు పల్టన్లోకే తీసుకెళ్లారు కూడా: హైదరాబాద్‌లో పుట్టిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ తరఫున ఆడాడు. ఆ జట్టు 1955లోనూ 1958లోనూ డ్యూరాండ్ కప్ గెలిచింది.

ఇప్పుడు మా పేటను పడగొట్టి కొత్తగా కట్టే పథకం రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేతిలో ఉంది. చేతిబండ్ల సందున, గోడ మీద సుద్దతో గీసిన గోలులోకి బంతి తన్నే పిల్లలు గల్లీల్లో ఈరోజుకీ ఉన్నారు. కాస్త ఎదిగితే నాగ్‌పాడాలోని మస్తాన్ తలావ్ మైదానానికి నడుస్తారు. కొత్త నక్షాలో టవర్లకూ పార్కింగుకూ ఎలాగూ చోటుంటుంది. బంతాటకు సరిపడా ఖాళీ జాగా కూడా గీయించాలని చాల్ కమిటీలు పట్టుబట్టాలి, అదీ పునాదులు తవ్వకముందే.