ఫోర్ట్రాన్ – సి: పరభాషా పిలుపులలో అలిఖిత ఒప్పందాలు

1. ఉపోద్ఘాతం

ఒక ప్రోగ్రామింగ్ భాషలో రాసిన కోడ్‌ను మరొక భాష నుంచి పిలిచి వాడుకోవడం నేడు సర్వసాధారణం. జాన్ బాకస్ బృందం 1957లో ఐ.బి.ఎం. 704 యంత్రానికి ఫోర్ట్రాన్ కంపైలర్‌ను అందించింది. తరవాతి దశాబ్దాలలో రేఖీయ బీజగణితానికి అవసరమైన సబ్‌రొటీన్లు అనేకం ఆ భాషలోనే వెలువడ్డాయి. 1992లో విడుదలైన లాపాక్ వాటిలో ప్రసిద్ధమైన సంకలనం. దానిని తిరగరాయడం కంటే ఇతర భాషల నుంచి పిలవడమే సులభం. ఆ పిలుపుకు ఆధారమైన ఒప్పందాల చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. పేరు, ప్రత్యయం

ఫెల్డ్‌మన్, వైన్‌బర్గర్ 1978లో బెల్ లాబ్స్‌లో యూనిక్స్ కోసం ఫోర్ట్రాన్ 77 కంపైలర్‌ను రూపొందించారు. సి ఫంక్షన్ల నుంచి వేరుగా గుర్తించేందుకు అది ఫోర్ట్రాన్ సబ్‌రొటీన్ పేరు చివర అండర్‌స్కోర్‌ను చేర్చేది. ‘వృక్ష’ శబ్దం తెలుగులో ‘వృక్షము’ అయినప్పుడు ప్రకృతి నిలిచి ప్రత్యయం చేరినట్లే ఇదీ. అయితే పేరు కుదిరితే చాలదు. సి మామూలుగా విలువను పంపుతుంది; ఆ కంపైలర్ మెమరీ చిరునామాను ఆశిస్తుంది. పంపేది అక్షరాల స్ట్రింగ్ అయితే దాని పొడవును కూడా ఆర్గ్యుమెంట్ల చివర అందించాలి. ఈ అదనపు ఆర్గ్యుమెంట్ ఫోర్ట్రాన్ మూలకోడ్‌లో ఎక్కడా కనిపించదు.

3. దాగిన ఆర్గ్యుమెంట్

లాపాక్‌లో అనేక ఎంపికలను ఒకే అక్షరంతో సూచిస్తారు. పొడవు ఎలాగూ ఒకటే కాబట్టి సి నుంచి పిలిచేవారు దానిని పంపడం మానేశారు. దశాబ్దాలపాటు ఏ ఇబ్బందీ రాలేదు. 2019లో జీఫోర్ట్రాన్ కొత్త వెర్షన్లతో, గణాంక భాష ‘ఆర్’ నుంచి లాపాక్‌కు వెళ్ళే కొన్ని పిలుపులు విఫలమయ్యాయి. కంపైలర్ తనకు అందిన ఆర్గ్యుమెంట్ల స్థలాన్నే తరవాతి పిలుపుకు తిరిగి వాడుకొంది. పిలిచినవారు పొడవుకు స్థలం కేటాయించనందువల్ల అక్కడున్న వేరే సమాచారం చెరిగిపోయింది. ఆర్ నిర్వాహకులు తమ పిలుపులలో పొడవులను చేర్చారు. జీఫోర్ట్రాన్ పాత పిలుపులకు రక్షణ కల్పించింది.

4. ముగింపు

సితో అనుసంధానానికి ఫోర్ట్రాన్ 2003 ప్రమాణం స్పష్టమైన నియమాలను ఏర్పరచింది. అయినా అంతకుముందు రాసిన పిలుపులు వాటంతటవే ఆ నియమాల పరిధిలోకి రావు. 1978 నాటి పద్ధతిలో ఒక భాగాన్ని విస్మరించిన ఫలితం నాలుగు దశాబ్దాల తరవాత బయటపడింది. కోడ్ పనిచేస్తున్నంత మాత్రాన ఒప్పందాన్ని పాటించినట్లు కాదని ఈ చరిత్ర నిరూపిస్తున్నది.