గాంధీ, గోరా, ఒక పెండ్లి

కామారెడ్డిలోనైనా ఎల్లారెడ్డిలోనైనా కులం, మతం దాటిన పెండ్లి మాట వస్తే పార్టీలవారీగా చీలిపోయి మాట్లాడుకుంటాం. అందుకే ఈ సంగతి గుర్తుచేస్తున్నాను.

నాస్తికుడైన గోపరాజు రామచంద్రరావు, అంటే గోరా, తన పెద్ద కుమార్తెను దళిత యువకునికిచ్చి పెండ్లి చేయదలచారు. సేవాగ్రామంలో జరిపిద్దామని గాంధీజీ ఒప్పుకున్నారు. ఆయన నిత్యం ప్రార్థించే మనిషి. అయినా గోరా మనస్సాక్షిని గౌరవించి, పెండ్లిలో దేవుని పేరుకు బదులు 'సత్యం' అనడానికి సమ్మతించారు. 1948 జనవరి 30న ఆయన హతుడైనా, ఆ మార్చిలో పెండ్లి అక్కడే జరిగింది.

గాంధీజీ ప్రార్థన మానలేదు, గోరా నాస్తికత్వం విడువలేదు.

రాజ్యాంగం 25వ అధికరణం మనస్సాక్షి స్వేచ్ఛను అందరికీ ఇచ్చింది. మనం కోరుకునే ఆ స్వేచ్ఛను పొరుగువానికీ కోరుదాం. 1 పేతురు 3:15 నేర్పే సాత్వికంతో, ఈ వారం మనతో ఏకీభవించని ఒకరి మాట పూర్తిగా విందాం. ఆమేన్.